వెదుకు యంత్రానికి పంచాంగం

ఉగాదినాడు గుడి మంటపంలో పంచాంగం విప్పి, ఈ ఏడు ఎన్ని కుంచాల వాన, ఏ ధాన్యానికి ఎంత ధర, ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చదివి వినిపించడం రాయలసీమ పల్లెలలో నేటికీ ఉన్న ఆచారమే. ఇటువంటి పంచాంగమే ఒకటి కంప్యూటరు లోకంలో కూడా ఏటా వెలువడుతున్నది. దాని ఉగాది డిసెంబరు, జనవరి నెలలలో వస్తుంది. రాబోయే సంవత్సరంలో వెదుకు యంత్రాలు ఎటువంటి పుటలను పైకి ఎత్తుతవి, వేటిని అడుగుకు తోస్తవి, ఒక పుట పైన నిలవాలంటే దాని యజమాని ఏమి చేయాలి అన్నవి అందులోని ఫలాలు. పుటను ఇట్లు ముందు నిలిపే విద్యకు సెర్చి ఇంజన్ ఆప్టిమైజేషన్ అని పేరు, వాడుకలో ఎస్.ఇ.ఓ. అంటారు.

కర్నూలు, కడప వంటి పట్టణాలలో పట్టం పుచ్చుకొని ఉద్యోగం కోసం చూస్తున్న యువకులకు ఈ విద్య ఒక బతుకుతెరువుగా కనిపిస్తున్నది. పెట్టుబడి తక్కువ, ఊరు విడిచి పోనక్కరలేదు. రుసుము కట్టి నేర్చుకొనేవారికి ఈ వార్షిక ఫలాలే పాఠాలు. కనుక వాటిలో శాస్త్రమెంత, జోస్యమెంత అని విచారించడం వేడుక కోసం చేసే పని కాదు.

వెదుకు యంత్రం పనిచేసే తీరు పాఠ్యపుస్తకం చివరనుండే విషయసూచికను తలచుకుంటే సులభంగా బోధపడుతుంది. 'గురుత్వాకర్షణ: 14, 37, 112' అని అక్కడ ఉంటుంది గదా. పుస్తకంలో పుటను తెరిస్తే మాటలు దొరుకుతవి. సూచికలో మాటను పట్టుకొంటే పుటలు దొరుకుతవి. వెదుకు యంత్రం తనకు అందిన కోట్లకొలది పుటలను ముందుగానే చదివి ఇటువంటి సూచికను కట్టి ఉంచుతుంది. ఎవరైనా ఒక మాట అడిగినప్పుడు అది లోకమంతా గాలించదు. తన సూచికను తిరగేస్తుంది. ఇంతవరకు చిక్కు లేదు. ఒక మాటకు లక్ష పుటలు దొరికినప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్నదే చిక్కు. 1998లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ అనే పరిశోధక విద్యార్థులు దీనికొక లెక్క ప్రకటించినారు. ఒక పుటకు ఎన్ని ఇతర పుటలు లంకె వేసినవి, ఆ లంకె వేసిన పుటలకు తిరిగి ఎంత గౌరవమున్నది అని చూసి వరుస కట్టడం ఆ పద్ధతి. ఊరిలో పెద్దమనుషులు ఎవరిని పెద్దమనిషి అంటారో అతడే పెద్దమనిషి అన్నట్లు. గూగుల్ ఈ లెక్కమీదనే లేచినది.

లెక్క బయటపడగానే దానిని మోసగించే బేరం కూడా బయలుదేరినది. అంతకుముందు యంత్రాలు పుటలోపల చదువరికి కనబడకుండా ఉండే కీలకపదాల పట్టీని నమ్మేవి. పుటల యజమానులు ఆ పట్టీలో సంబంధమున్నవీ లేనివీ కుక్కినారు. వరుస కట్టడంలో ఆ పట్టీని తాము చూడనే చూడమని 2009 సెప్టెంబరులో గూగుల్ బహిరంగంగా చెప్పవలసి వచ్చినది. లంకెలకు విలువ ఉన్నదని తెలిసిన తరువాత లంకెలను కొనడం, అమ్మడం మొదలైనది. 2011లో పాండా అనే మార్పు సారంలేని పుటలను అణచినది. 2012లో పెంగ్విన్ అనేది దొంగ లంకెలను పట్టుకున్నది. బ్రిటిష్ ఆర్థికశాస్త్రజ్ఞుడు చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్యవిధానం సందర్భంలో చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: ఒక కొలతను అదుపు సాధనంగా వాడుకోవడం మొదలుపెట్టగానే అది కొలతగా చెడిపోతుంది.

వానసూచనకూ ఈ సూచనకూ భేదం ఇక్కడనే ఉన్నది. 1876లో ఆరంభమైన ధాత కరువు కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలను పిప్పి చేసినది. భారత వాతావరణ శాఖ అప్పటికి పుట్టి ఏడాదే అయినది. ఆ కరువు తరువాతనే ప్రభుత్వం ఆ శాఖాధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్‌ను రుతుపవనాన్ని ముందుగా చెప్పగలరా అని అడిగినది. హిమాలయాలమీద మంచు ఎక్కువగా ఉన్న ఏడు వానలు తగ్గుతవని గమనించి, ఆయన 1886లో దేశానికి మొదటి రుతుసూచన వెలువరించినాడు. ఆ సూచనను మేఘం చదవదు. బ్లాన్‌ఫోర్డ్ ఏమన్నా అది తన దారిన తాను పోతుంది. వెదుకు యంత్రం మాత్రం తన గురించి చెప్పిన జోస్యాన్ని చదువుతుంది. అనగా దానిని నడిపే ఇంజనీర్లు చదువుతారు. 'పెద్ద వ్యాసాలకు ఈ ఏడు మంచి కాలం' అని పంచాంగం చెప్పిందనుకుందాం. లక్షమంది తమ వ్యాసాలను సాగదీస్తారు. సాగదీసిన వ్యాసాలతో విసిగిన చదువరులను చూసి ఇంజనీరు ఆ గుర్తుకు విలువ తగ్గిస్తాడు. జోస్యాన్ని అందరూ నమ్మడమే జోస్యం తప్పిపోవడానికి కారణమవుతుంది.

రెండవ భేదం లెక్క చూపడంలో ఉన్నది. వాతావరణ శాఖ 1988 నుండి 16 అంశాలమీద ఆధారపడిన ఒక నమూనాను వాడినది. 2002లో వచ్చిన అనావృష్టిని అది పసిగట్టలేదు. సంగతి దాచుకొనే వీలులేదు; ముందు చెప్పిన అంకె, పడిన వాన రెండూ అందరి ఎదుట ఉన్నవి. 2003లో శాఖ కొత్త నమూనాలకు మారినది. ఎస్.ఇ.ఓ. పంచాంగాలలో పోయిన ఏటి ఫలాలు ఎన్ని నిజమైనవో చెప్పే పుట సాధారణంగా ఉండదు. సీమలో బోరు పాయింటు పెట్టేవారి పద్ధతి ఇటువంటిదే. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడినచోట నీళ్ళు పడితే ఆ పేరు పది ఊళ్ళలో చెప్పుకొంటారు. పడని బోర్లు మాత్రం రైతు అప్పులలో తప్ప మరెక్కడా నమోదు కావు.

జోస్యం ఏ విధంగా పెరిగి పెద్దదవుతుందో చూడడానికి ఒకదానిని మొదటినుండి అనుసరించడం మేలు. 2014లో చైనా వెదుకు సంస్థ బైదూలో ముఖ్య శాస్త్రజ్ఞుడుగా ఉన్న ఆండ్రూ ఎంగ్ ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, అయిదేండ్లలో వెదుకులాటలలో కనీసం సగం మాట ద్వారా గాని బొమ్మ ద్వారా గాని జరుగుతవని అన్నాడు. ఆయన చూస్తున్నది తన సంస్థను, చైనాను. ఆ మాట చేతులు మారినకొద్దీ 'బొమ్మ' జారిపోయినది, చైనా జారిపోయినది, అయిదేండ్లు అన్నది 2020 అయినది. చివరకు ఆ మాట ఆయన పేరుకు బదులు కామ్‌స్కోర్ అనే గణాంక సంస్థ పేరు తగిలించుకొని, '2020 నాటికి సగం వెదుకులాటలు నోటిమాటతోనే' అనే ఖండితమైన వాక్యంగా వందల ఉపన్యాసాలలో తిరిగినది. 2020 వచ్చినది, పోయినది. లోకంలో సగం వెదుకులాటలు నోటిమాటతో జరిగినవని చూపే కొలతను ఎవ్వరూ ముందు పెట్టలేదు. జోస్యం చెప్పినవారెవరూ క్షమాపణ చెప్పుకోలేదు కూడా. వారప్పటికి తరువాతి ఏటి ఫలాలలో మునిగి ఉన్నారు.

ఇందులో విచిత్రమేమంటే, నోటిమాట విషయం పూర్తిగా అబద్ధమూ కాదు. తెలుగు అక్షరాలను మీటలమీద కొట్టడం కష్టమనుకొనే రైతు ఫోను నోటిదగ్గర పెట్టుకొని 'ఆదోని పత్తి ధర' అని అడుగుతాడు. అది ఫోను కొత్తగా నేర్చిన వేడుక కాదు. మీటల పలక మన లిపికి అనుకూలంగా పుట్టకపోవడం దానికి కారణం. అంకె తప్పు, కారణం తప్పు, కాని తప్పు జోస్యం ఒక నిజమైన అవసరం పక్కగా నడిచిపోయినది.

తప్పినవాటి పట్టీ పెంచడం కష్టం కాదు. వ్యాసం పక్కన రచయిత ఛాయాచిత్రం చూపే గూగుల్ ఏర్పాటు 2011లో వచ్చినది. అదే భవిష్యత్తని చాలామంది వ్రాసినారు. 2014 ఆగస్టులో సంస్థ దానిని ఎత్తివేసినది. ఫోనులో త్వరగా తెరుచుకొనే ఏ.ఎం.పి. పుటలు 2015లో వచ్చినవి. వార్తల వరుసలో పైన నిలవడానికి అవి తప్పనిసరి అన్న నియమం 2021లో పోయినది. వాటికోసం పుటలన్నీ తిరగవ్రాసుకొన్న చిన్న పత్రికల శ్రమ మాత్రం తిరిగి రాలేదు.

నిజమైన ఫలాలు ఉన్నవి గదా అనవచ్చును. ఉన్నవి. 2015 ఏప్రిల్ 21న ఫోనుకు అనుకూలమైన పుటలు పైకి వచ్చినవి. కాని ఆ తేదీని గూగుల్ సంస్థే ఫిబ్రవరిలో ప్రకటించినది. పంచాంగంలో గ్రహణం తప్పక పడుతుంది. అది గణితం చేసిన పని, దాని పక్కన అచ్చయిన రాశిఫలాల గొప్ప కాదు. సంస్థ చేసిన ప్రకటనను తిరిగి జోస్యంగా చెప్పడం గ్రహణాన్ని చూపించి రాశిఫలాలను నమ్మించడం వంటిది. పోనీ, సంస్థ మాటలనైనా పూర్తిగా నమ్మవచ్చునా అంటే అదీ లేదు. చదువరులు దేనిమీద నొక్కుతున్నారన్నది వరుసను నేరుగా మార్చదని గూగుల్ ప్రతినిధులు ఏండ్ల తరబడి చెప్పుతూ వచ్చినారు. అమెరికాలో ఆ సంస్థమీద నడిచిన గుత్తాధిపత్య వ్యాజ్యంలో 2023లో సంస్థ ఉపాధ్యక్షుడు పాండు నాయక్ సాక్ష్యం చెప్పినప్పుడు, నావ్‌బూస్ట్ అనే అంగం 13 నెలల నొక్కుళ్ళ లెక్కను వాడుతుందని తేలినది. జోస్యగాళ్ళు చూస్తున్న ఆకాశంలో కొన్ని గ్రహాలకు తెర కట్టి ఉన్నదన్నమాట.

ఇక పైన చెప్పిన జోస్యాలు ఏ ఒక్కటీ పట్టుకోని మార్పులకు దూరం పోనక్కరలేదు. కడప పేరే చాలును. తెలుగులో కడప ఎప్పుడూ కడపయే. ఇంగ్లీషులో మాత్రం 'సి'తో మొదలై 'హెచ్'తో ముగిసే ఎనిమిది అక్షరాల కూర్పు 2005 వరకు సర్కారు కూర్పుగా ఉండేది. ఆ ఏడు ప్రభుత్వం దానిని 'కె'తో మొదలయ్యే ఆరు అక్షరాలుగా మార్చినది. 2010లో జిల్లా పేరు వై.ఎస్.ఆర్. జిల్లా అయినది, 2025లో వై.ఎస్.ఆర్. కడప జిల్లా అయినది. 2004లో ఎవరైనా ఏ కూర్పును ఎందరు వెదుకుతున్నారో లెక్కకట్టి, ఆ గీతను ముందుకు సాగదీసి ఉంటే, పాత కూర్పే ఎప్పటికీ నిలుస్తుందని చెప్పేవారు. ప్రభుత్వోత్తరువు ఏ గీతలోనూ కనిపించదు.

అంతటితో కూడా కథ ముగియలేదు. నల్లని కడప బండను బయటిదేశాలకు అమ్మే వర్తకంలో పాత కూర్పే నేటికీ నడుస్తున్నది. భూగర్భశాస్త్రంలో కూడా శిలాసముదాయం పేరు పాత కూర్పులోనే ఉన్నది. మరి కొంచెం వెనుకకు పోతే, 1872లో విలియం కింగ్ అనే శాస్త్రజ్ఞుడు మద్రాసు రాజధానిలోని కడప, కర్నూలు శిలలమీద వ్రాసిన ప్రసిద్ధ గ్రంథానికి పెట్టిన పేరులో కడప 'కె'తో మొదలై 'హెచ్'తో ముగుస్తుంది. కర్నూలు కూడా నేటి ఇంగ్లీషు కూర్పులో లేదు. బెలుం గుహల సున్నపురాయి గురించి పాఠం తయారుచేసుకొనే ఉపాధ్యాయుడు నేటి కూర్పుతో మాత్రమే వెదికితే, మాటకు మాట సరిపోల్చే పాత యంత్రానికి ఆ గ్రంథం లేనట్లే. ఇన్ని కూర్పులూ ఒకే ఊరివని యంత్రం నేర్చుకోవలసి ఉన్నది. ఒక కూర్పుతో వెదికి దొరకక రెండవ కూర్పుతో వెదికినవారి అడుగుజాడలనుండి అది కొంత నేర్చుకొంటుంది. ఒకే పుటలో రెండు కూర్పులూ వ్రాసిపెట్టినవారినుండి మరికొంత.

తెలుగు మాటల తీరు దీనికి మరొక ముడి వేస్తుంది. ఇంగ్లీషులో ఊరి పేరు వాక్యంలో ఎక్కడున్నా ఒకటే. తెలుగులో కడపలో, కడపకు, కడపనుండి, కడపవాళ్ళు; కర్నూలులో, కర్నూల్లో. విభక్తి పేరుకు అతుక్కొని మాట రూపమే మారుతుంది. అతుకు విప్పడం రాని యంత్రానికి ఇవన్నీ వేరువేరు మాటలు. కడపలో పండితులను చేరదీసి తాళపత్రాలను పరిష్కరింపజేసిన సి. పి. బ్రౌన్ 1854లో తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా నిఘంటువు వెలువరించినాడు. కచేరీలో, సంతలో జనం వాడే మాట పండితుల నిఘంటువులో దొరకకపోతే వెదికేవాడికి ఫలమేమి అన్నది ఆనాటికే ఎదురైన ప్రశ్న.

వీటన్నిటికంటె పెద్ద మార్పు లిపిది. యూనికోడ్ అనే అంతర్జాతీయ అక్షర సంకేతావళిలో 1991 నాటి తొలి ప్రతిలోనే తెలుగు చేరినది. కాని చాలాకాలం తెలుగు పుటలు సొంత అచ్చులతో వెలువడినవి. తెరమీద కనిపించేది తెలుగు, లోపల నిలువచేసినది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. మనిషి కంటికి అది 'కర్నూలు'. యంత్రానికి అర్థంలేని అక్షరాల కుప్ప. ఆ పుటలు ఎంత గొప్పవైనా తెలుగులో వెదికినవానికి దొరికేవి కావు. పత్రికలు యూనికోడ్‌కు మారినప్పుడు, అదివరకు యంత్రం కంటికి ఆనని తెలుగు ఒక్కసారిగా వెలుగులోకి వచ్చినది. పైన నిలిపే చిట్కాలన్నీ కలిసి తెలుగు చదువరికి చేసిన మేలు దీనిలో పదోవంతు ఉండదు. అయినా అది ఫలాల పట్టీలకెక్కే రకం విషయం కాదు. అమ్ముకోవడానికి అందులో ఏమీ లేదు.

ప్రస్తుత పంచాంగాలన్నీ కృత్రిమ మేధ చుట్టూ తిరుగుతున్నవి. గూగుల్ 2024 మేలో అమెరికాలోను, ఆగస్టులో భారతదేశంలోను వరుసకు పైన తానే జవాబు కూర్చి చూపడం మొదలుపెట్టినది. మొదటి నెలలోనే అది పిజ్జామీద జున్ను జారకుండా జిగురు కలపమని సలహా ఇచ్చి నవ్వులపాలైనది; ఎవరో పరిహాసానికి వ్రాసిన పాత మాటను అది నిజమని ఎత్తుకొన్నది. ఇంగ్లీషులో వంటను గురించి లక్షల పుటలున్నా ఇట్లు జరిగినప్పుడు, తెలుగులో రాయలసీమను గురించిన కొద్దిపాటి పుటల సంగతి ఊహించుకోవచ్చును. బెలుం గుహలు ఏ జిల్లాలో ఉన్నవి? 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినది. గుహలున్న కొలిమిగుండ్ల మండలం అందులోకి పోయినది. అంతకుముందు వ్రాసిన పుటలలో కర్నూలు జిల్లా అని ఉంటుంది. వ్రాసిననాటికి అది తప్పు కాదు. పాత పుటల రాశి పెద్దది, కొత్తది చిన్నది. రాశిని చూసి నమ్మే యంత్రం విద్యార్థి చేత పరీక్షలో తప్పు వ్రాయించగలదు.

కృత్రిమ మేధ కూర్చే జవాబులలో చోటు సంపాదించే విద్యకు 2023లో ఢిల్లీ ఐ.ఐ.టి., ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం మొదలైనచోట్ల పరిశోధకులు ఒక పరీక్ష నిర్వహించినారు. పుటలో అంకెలు, ఉల్లేఖనాలు, ఆధారాలు చేర్చితే జవాబులో దాని ప్రాముఖ్యం 40 శాతం వరకు పెరగవచ్చునని, కీలకపదాలు కుక్కడం ఉపకరించదని వారు చూపినారు. ఇది జోస్యం కాదు, కొలత. పద్ధతిని బయటపెట్టి చేసిన పని. కాని గుడ్‌హార్ట్ సూత్రం ఇక్కడా కాచుకొని ఉన్నది. అంకెలుంటే గౌరవం వస్తుందని తెలిసిన తరువాత అంకెలు పుట్టించేవారు పుట్టుకొస్తారు. నిజమైన కొలతనుండి వచ్చిన అంకెకూ, గౌరవం కోసం అతికించిన అంకెకూ తేడా యంత్రం కనిపెట్టలేనంతకాలం ఆ భారం తరగతి గదిమీదనే పడుతుంది.

2024 ఫిబ్రవరిలో గార్ట్‌నర్ అనే సంస్థ, 2026 నాటికి సంప్రదాయిక వెదుకు యంత్రాల వాడకం 25 శాతం తగ్గుతుందని చెప్పినది. దీనికి ఒక మెచ్చుకోలు, ఒక ఆక్షేపణ. అంకె, గడువు రెండూ ఉన్నవి, కనుక తప్పయితే తప్పని తేలుతుంది. ఆమాత్రం ధైర్యం ఈ పంచాంగాలలో అరుదు. ఆక్షేపణ 'సంప్రదాయిక' అన్న మాటమీద. పాత యంత్రమే తన పుటమీద కొత్తరకం జవాబు చూపుతున్నప్పుడు ఆ వెదుకులాటను ఏ పద్దులో వ్రాయాలి? కుంచం కొలత ఏమిటో చెప్పకుండా ఇన్ని కుంచాల వాన అన్నట్లున్నది.

ఇటువంటి మాటలను తూచడానికి ఒక సాధనం 1950 నుండి ఉన్నది. అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన గ్లెన్ బ్రయర్ దానిని ప్రతిపాదించినాడు. జోస్యం చెప్పేవాడు ప్రతి మాటకూ తన నమ్మకాన్ని 0కు, 1కి మధ్య ఒక అంకెగా చెప్పాలి. జరిగితే 1, జరగకపోతే 0 వేసి, రెంటి భేదాన్ని వర్గం చేసి, అన్నింటికీ సగటు తీయాలి. సగటు తక్కువైనకొద్దీ జోస్యం మేలైనది. ఏమీ తెలియనివాడు అన్నింటికీ 0.5 అని ఊరుకొంటే అతని సగటు 0.25. ఒకడు మూడు ఫలాలు చెప్పి, వాటిమీద 0.9, 0.8, 0.6 నమ్మకం ఉన్నదన్నాడనుకుందాం. మొదటిది, మూడవది జరిగినవి, రెండవది జరగలేదు. వర్గాలు 0.01, 0.64, 0.16, సగటు 0.27. మూడింట రెండు నిజమైనా అతడు ఏమీ తెలియనివానికంటె అధ్వాన్నంగా తేలినాడు. తప్పిన ఒక్కదానిమీద అతని ధీమా అంత ఖరీదు చేసినది.

పదవ తరగతి గణితంతోనే ఈ లెక్క చేయవచ్చును. జనవరిలో వెలువడే ఫలాలను ఒక నోటుపుస్తకంలో తేదీతో ఎక్కించి, మరుసటి జనవరిలో సరిచూస్తే సరి. అయితే 'వీడియోల ప్రాముఖ్యం మరింత పెరుగుతుంది', 'నాణ్యతకే పట్టం' వంటివి మొదటి రోజే ఆగిపోతవి. మరింత అంటే ఎంత, ఎప్పటిలోగా అన్నది వాటిలో లేదు. గార్ట్‌నర్ మాట మాత్రం ఎక్కుతుంది: 25 శాతం, 2026. దాని ఎదుట నమ్మకం గడి మాత్రం ఖాళీగా ఉంచవలసినదే. ఆ అంకె ప్రకటనలో లేదు.